కొరియా కన్జర్వేటివ్ పార్టీ ఓడిపోతూ కూడా ఎందుకు కనుమరుగు కావడం లేదు?

దక్షిణ కొరియా కన్జర్వేటివ్ పార్టీ, అంటే పీపుల్ పవర్ పార్టీ, ఓడిపోతూ కూడా ఎలా నిలుస్తోందని మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో మూడు ఉన్నాయి. 2022లో దేశాధ్యక్ష పదవి గెలిచిన పీపుల్ పవర్ పార్టీ రెండేళ్లు తిరిగేసరికి పార్లమెంటులో 300కి 108 సీట్ల దగ్గర ఎందుకు ఆగిపోయింది? తమ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా పెట్టి పదవి పోగొట్టుకున్నాక కూడా 2025లో ఆ పార్టీకి 41 శాతం ఓట్లు ఎవరు వేశారు? ఇక ఆ పార్టీ పని అయిపోయినట్టేనా?

చివరిదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అయిపోలేదు. ఎంత చెడ్డ రోజుల్లోనైనా వదిలిపెట్టని ఓటర్లు ఆ పార్టీకి ఉన్నారు. కాకపోతే వాళ్లతోనే గెలుపు రాదు. గెలవాలంటే సియోల్, దాని చుట్టుపక్కల ఊళ్లలో ఉండే, పార్టీ అభిమానం పెద్దగా లేని ఓటరు కూడా రావాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పార్టీ నాయకుణ్ణి ఎంచుకునే సభ్యులు ఒక రకం మనుషులు, గెలుపోటములు తేల్చే ఓటర్లు ఇంకో రకం మనుషులు. ఈ రెండు గుంపులూ ఒకే మనిషిని ఒప్పుకున్నప్పుడు పార్టీ గెలిచింది. ఒప్పుకోనప్పుడు ఓడింది. ఆర్థికం, ఉత్తర కొరియా, అవినీతి లాంటివన్నీ దీని తర్వాతే వస్తాయని నా అభిప్రాయం.

నేను సియోల్‌కు దక్షిణాన, గ్యోంగి ప్రాంతంలోని సువోన్‌లో ఉంటాను. ఇక్కడి వార్తలు, ఎన్నికల లెక్కలు చదివి మన వైపు కంపెనీలకు నోట్లు రాసివ్వడం నా పని. ఏ పార్టీకీ సభ్యుణ్ణి కాను, కావాలన్నా కాలేను. కొరియా చట్టం విదేశీయులకు పార్టీ సభ్యత్వం ఇవ్వదు. అయితే పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి మూడేళ్లు దాటినవాళ్లకు లోకల్ ఎన్నికల్లో ఓటు ఉంటుంది. 2022 జూన్‌లో నేనూ ఆ ఓటు వేశాను. గవర్నర్, మేయర్, విద్యాధికారి, కౌన్సిళ్లు అన్నీ కలిపి ఏడు బ్యాలెట్ పేపర్లు. ముందు మూడు ఇస్తారు, అవి పెట్టెలో వేసి వస్తే మిగతా నాలుగు ఇస్తారు. ఈవీఎంలు లేవు, ఎర్ర సిరా ముద్రే. ఆ రోజు జరిగిన గవర్నర్ ఎన్నిక గురించి కింద చెప్తాను, మీ ప్రశ్నకు అది బాగా పనికొస్తుంది.

ముందు కాస్త పాత కథ. పీపుల్ పవర్ పార్టీ అనే పేరు 2020 సెప్టెంబర్‌లో పెట్టుకున్నదే గానీ పార్టీ పాతది. చున్ డూ హ్వాన్ సైనిక పాలనలో పుట్టిన డెమోక్రటిక్ జస్టిస్ పార్టీ దీని మూలం. 1987లో ప్రజలు వీధుల్లోకి వచ్చి ప్రత్యక్ష ఎన్నిక సాధించుకున్నారు. తీరా ఎన్నిక వచ్చేసరికి ప్రతిపక్షంలోని ఇద్దరు కిమ్‌లు, కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జుంగ్, విడివిడిగా పోటీ చేశారు. సైనికాధికారిగా పనిచేసిన రో టే వూ 36.6 శాతంతోనే గట్టెక్కాడు. 1990లో ఆ రో టే వూ, కిమ్ యంగ్ సామ్, అంతకుముందు సైనిక బలంతో దేశాన్ని ఏలిన పార్క్ చుంగ్ హీ దగ్గర ప్రధానిగా చేసిన కిమ్ జాంగ్ పిల్, ముగ్గురూ తమ పార్టీలను కలిపేశారు. జీవితమంతా సైనిక పాలన మీద కొట్లాడిన కిమ్ యంగ్ సామ్ వాళ్లతోనే చేతులు కలిపి 1992లో అధ్యక్షుడయ్యాడు. ఈ రోజు మీరు చూస్తున్న పార్టీ నిజానికి ఆ విలీనంలోంచి వచ్చిందే. కిమ్ యంగ్ సామ్‌కు పట్టున్న బుసాన్ వైపు ఓట్లు ఆ దెబ్బతోనే కన్జర్వేటివ్ గూటికి చేరాయి.

ఆ తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1997లో గ్రాండ్ నేషనల్, 2012లో సేనూరి, 2017లో లిబర్టీ కొరియా, 2020 ఫిబ్రవరిలో యునైటెడ్ ఫ్యూచర్, అదే ఏడాది సెప్టెంబర్‌లో పీపుల్ పవర్. పెద్ద దెబ్బ తగిలినప్పుడో, తగలబోతోందని భయం పట్టుకున్నప్పుడో బోర్డు మార్చడం వీళ్లకు అలవాటు. ఊరికే బోర్డు మార్చి గెలిచిన సందర్భం నాకైతే కనపడదు. 2012లో గెలిచారు, నిజమే. అప్పుడు పేరుతో పాటు రంగు నీలం నుంచి ఎరుపుకు మారింది, దాంతోపాటు పార్టీ అభ్యర్థి, పార్క్ చుంగ్ హీ కూతురు పార్క్ గ్యున్ హే వృద్ధులకు పెన్షన్ అంది, పెద్ద కంపెనీలకు ముకుతాడు వేస్తానంది, అంటే ఎదుటి పార్టీ మాటలే తాను మాట్లాడింది. 51.6 శాతం వచ్చాయి. 1987 తర్వాత ఒక అభ్యర్థి సగం దాటడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆ వదలని ఓటరు ఎవరో చూద్దాం.

ఆగ్నేయంలో దేగు నగరం, దాన్ని చుట్టుకుని ఉన్న ఉత్తర గ్యోంగ్‌సాంగ్ ప్రాంతం. పార్క్ చుంగ్ హీ పుట్టిన గుమి అక్కడే. పరిశ్రమలు, రోడ్లు, ఉద్యోగాలు ఆయన కాలంలో వచ్చాయన్న కృతజ్ఞత పెద్దవాళ్లలో ఇంకా ఉంది. 2024 పార్లమెంటు ఎన్నికల్లో దేశమంతా పార్టీ చితికిపోయినా దేగులో 12కి 12, ఉత్తర గ్యోంగ్‌సాంగ్‌లో 13కి 13 గెలిచింది. నైరుతిలో జోల్లా, గ్వాంగ్జు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1980 మేలో గ్వాంగ్జులో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఆ సైనిక నాయకుల పార్టీ వారసులకు అక్కడ ఓటు పుట్టదు. 2024లో ఆ వైపు ఉన్న 28 సీట్లూ ఎదుటి పక్షమైన డెమోక్రటిక్ పార్టీవే. 2020 ఆగస్టులో కన్జర్వేటివ్ పార్టీకి అప్పటి తాత్కాలిక నాయకుడు కిమ్ చోంగ్ ఇన్ గ్వాంగ్జు స్మారకం ముందు మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. దాంతో జోల్లా ఓట్లు రాలిపడలేదు. కానీ ఆ ఫొటో సియోల్‌లో పని చేసింది, అక్కడి మధ్యతరగతి ఓటరు ఈ పార్టీ వైపు కొంచెం కొత్తగా చూశాడు.

ప్రాంతం తర్వాత వయసు. డెబ్బై దాటినవాళ్లు వీళ్లకు కంచుకోట. కొరియా యుద్ధం, ఆ తర్వాతి ఆకలి రోజులు తాము చూసో, ఇంట్లో విని పెరిగో వచ్చిన తరం అది. నలభైలు, యాభైలలో ఉన్నవాళ్లు గట్టిగా డెమోక్రటిక్ వైపు. 2025 ఎగ్జిట్ పోల్‌లో ఈ వయసువాళ్లలో ఇంచుమించు పదిమందిలో ఏడుగురు డెమోక్రటిక్ అభ్యర్థి లీ జే మ్యుంగ్‌కే వేశామన్నారు. వయసు పెరిగేకొద్దీ మనుషులు కన్జర్వేటివ్‌లు అవుతారనే లెక్క ఈ తరం దగ్గర తప్పుతోంది. విద్యార్థులుగా ఉద్యమాలు చూసినవాళ్లు, ఇప్పుడు అరవైల్లోకి వస్తున్నారు, ఓటు మాత్రం మార్చుకోవడం లేదు. పార్టీకి దీర్ఘకాలంలో అసలైన ప్రమాదం ఇదే. మార్షల్ లా మచ్చ కంటే కూడా ఇదే పెద్దది అంటాను.

మూడోది గంగ్నమ్. సియోల్‌లో నదికి దక్షిణాన ఉన్న గంగ్నమ్, సోచో, సోంగ్పా. అపార్ట్‌మెంట్ ధరలు, వాటి మీద పన్ను, ఈ రెండు మాటలతో అక్కడి ఓటు అర్థమైపోతుంది.

ఇవన్నీ కలిపితే పార్టీకి ఎప్పుడైనా దాదాపు మూడో వంతు ఓట్లు పడతాయి. 2017లో పార్క్ గ్యున్ హే పదవి పోయాక జరిగిన ఎన్నికలో పార్టీ అభ్యర్థి హాంగ్ జూన్ ప్యోకు 24 శాతమే వచ్చింది కదా అని మీరు అడగొచ్చు. అప్పుడు పార్టీ రెండుగా చీలి ఉంది, ఆన్ చోల్ సూ మధ్యలో నిలబడి 21 శాతం తీసుకున్నాడు, విడిపోయిన వర్గం నుంచి యూ సుంగ్ మిన్‌కు దాదాపు 7 శాతం వచ్చింది. అంటే ఆ ఓట్లు ఎక్కడికీ పోలేదు, వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది లోకల్ ఎన్నికల్లో మాత్రం 17 పెద్ద పదవుల్లో (గవర్నర్లు, పెద్ద నగరాల మేయర్లు) దేగు, ఉత్తర గ్యోంగ్‌సాంగ్ రెండే మిగిలాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 2022లో, అదే 17లో 12 గెలిచారు. ఈ పార్టీ చచ్చిపోయిందని రాసేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని రాయాలి.

సీట్ల సంగతికి వద్దాం. 2024లో నియోజకవర్గాల ఓట్లు మొత్తం కూడితే డెమోక్రటిక్‌కు 50.5 శాతం, పీపుల్ పవర్‌కు 45.1 శాతం. తేడా ఐదున్నర పాయింట్లు కూడా లేదు. నియోజకవర్గాల సీట్లు మాత్రం 161, 90. పైన చెప్పిన 108లో మిగతావి పార్టీ జాబితా సీట్లు. ఏపీలో 2024లో 39 శాతం ఓట్లతో వైఎస్సార్‌సీపీకి 175లో 11 సీట్లే ఎందుకొచ్చాయో తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా సీటు అవతలివాడిదే. కాకపోతే కొరియాలో ఇంకో మెలిక ఉంది. కన్జర్వేటివ్ ఓట్లు దేగులో గుట్టలుగా పడి వృథా అవుతాయి, సియోల్ చుట్టూ కొద్దికొద్దిగా తక్కువ పడతాయి. 254 నియోజకవర్గాల్లో 122 సియోల్, ఇంచియాన్, గ్యోంగి ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ 122లో పార్టీకి వచ్చినవి 19.

మా ఊరే చూడండి. సువోన్‌లో ఐదు నియోజకవర్గాలు. 2016, 2020, 2024, మూడుసార్లూ ఐదుకి ఐదు డెమోక్రటిక్ పార్టీకే పోయాయి. ఇది ఎప్పుడూ అంతే అనుకోకండి. పాత ఊరు, కోట ఉన్న పాల్దాల్ వైపు నియోజకవర్గం నామ్ క్యుంగ్ పిల్ కుటుంబానిది, తండ్రి తర్వాత కొడుకు, అందరూ కన్జర్వేటివ్‌లే. 2014 ఉప ఎన్నికలో కూడా అక్కడ సేనూరి గెలిచింది, అదీ డెమోక్రటిక్ వైపు పేరున్న సోన్ హాక్ క్యును ఓడించి. ఆ తర్వాత పదేళ్లలో పరిస్థితి మారిపోయింది. చిన్నపిల్లలున్న ఉద్యోగుల కుటుంబాలు, సియోల్‌లో ఇల్లు కొనలేక ఇటు వచ్చినవాళ్లు, వయసు ముప్పై నుంచి యాభై. పార్టీకి అసలు కుదరని వయసు అది.

2024లో పార్టీ ఇక్కడ గట్టిగానే ప్రయత్నించింది. పాల్దాల్ వైపు పరిశ్రమల మంత్రిగా చేసిన బాంగ్ మూన్ క్యును దింపారు. శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ ఉన్న యోంగ్‌తోంగ్ వైపు టీవీలో అందరికీ తెలిసిన నేరశాస్త్ర ప్రొఫెసర్ లీ సూ జుంగ్‌ను పెట్టారు. ఎదుటి అభ్యర్థి కిమ్ జున్ హ్యోక్ పాత మాటలు బయటికొచ్చి పెద్ద గొడవ అయింది. ఇంత కలిసొచ్చినా ఆమె రెండున్నర వేల లోపు ఓట్లతో ఓడిపోయింది. కారణం అడిగితే ఇక్కడ చాలామంది ఉల్లికాడల సంగతే చెప్తారు. మార్చిలో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సియోల్‌లో ఒక మార్ట్‌కు వెళ్లి, రాయితీలన్నీ పోను 875 వోన్‌లకు పెట్టిన ఉల్లికాడల కట్ట చూసి, ఇది సరైన ధరే అన్నాడు. అప్పటికి మేం కొంటున్న ధర దానికి ఎన్నో రెట్లు. ఆయన్ను వెనకేసుకురావడానికి లీ సూ జుంగ్, 875 వోన్‌లు కట్టకు కాదు, ఒక్క కాడకు అని చెప్పింది. తర్వాత తప్పు ఒప్పుకుంది గానీ అప్పటికే జనం ఉల్లికాడలు పట్టుకుని పోలింగ్ కేంద్రాలకు పోతామంటున్నారు. ఎన్నికల సంఘం కూడా కల్పించుకుని ఉల్లికాడలు లోపలికి తేవద్దని చెప్పాల్సి వచ్చింది. దేగులో గెలవడానికి ఆ సమర్థన అవసరం లేదు, సువోన్‌లో గెలవడానికి అది పనికిరాదు. అయినా ఆమె ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చింది? అధ్యక్షుడికి ఎదురు మాట్లాడితే పార్టీలో బతుకు లేదని అప్పటికే అందరికీ అర్థమైంది కాబట్టి.

అది ఎలా అర్థమైందో చెప్పాలంటే పార్టీ లోపలి ఎన్నికలు చూడాలి. వార్తల్లో వీటికి పెద్ద చోటు ఉండదు. నా నోట్లలో మాత్రం అన్నిటికంటే ఎక్కువ పేజీలు వీటికే పోతాయి.

2021 జూన్. పార్టీ నాయకుడి ఎన్నికలో సభ్యుల ఓటుకు 70 శాతం, బయటి జనం సర్వేకు 30 శాతం విలువ. ముప్పై ఆరేళ్ల లీ జున్ సోక్ గెలిచాడు. సభ్యుల ఓట్లలో ఆయన ముందు లేడు. అక్కడ ఆయన పోటీదారు నా క్యుంగ్ వోన్‌ది పైచేయి, 41 శాతం దగ్గర. లీకి 37. బయటి జనంలో ఆయనకు 59 శాతం రావడంతో లెక్క తారుమారైంది. ఆ కుర్రాడు వచ్చాక ఇరవైల్లో ఉన్న మగపిల్లలు పార్టీ వైపు తిరిగారు. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, సియోల్ మేయర్ ఉప ఎన్నికలో ఓహ్ సే హూన్ 57 శాతం దాటించినప్పుడే ఆ గాలి కనపడింది.

2021 నవంబర్. ఇప్పుడు అధ్యక్ష అభ్యర్థి ఎంపిక, సభ్యులకు సగం, సర్వేకు సగం. సర్వేలో హాంగ్ జూన్ ప్యో 48 శాతంతో ముందు, యూన్ 38 దగ్గర. సభ్యుల ఓట్లలో యూన్‌కు 58, హాంగ్‌కు 35. యూన్ నెగ్గాడు. రాజకీయాల్లోకి వచ్చి ఏడాది కూడా నిండని మనిషి, అప్పటి డెమోక్రటిక్ అధ్యక్షుడు మూన్ జే ఇన్ నియమించిన ప్రాసిక్యూటర్ జనరల్, పార్క్ గ్యున్ హే కేసులో దర్యాప్తు చేసిన బృందంలో ఒకడు. సభ్యులు ఆయన్ను ఎందుకు ఎంచుకున్నారంటే మూన్ ప్రభుత్వం మీద కొట్లాడగలడని. బాగా పరిపాలిస్తాడని ఎవరూ వేయలేదు.

2022 మార్చిలో ఆయన గెలిచిన తేడా 0.73 శాతం, ఓట్లలో 2,47,077. ఇంత సన్నటి గెలుపులో ఏ ఒక్క ముక్క తీసేసినా ఓటమే. మూన్ కాలంలో ఇళ్ల ధరలు పెరగడం వల్ల సియోల్ కోపంగా ఉంది. లీ జున్ సోక్ వల్ల యువకులు వచ్చారు. పోలింగ్‌కు ఆరు రోజుల ముందు ఆన్ చోల్ సూ తప్పుకుని మద్దతిచ్చాడు. సొంత ఓటు, కోపమున్న సియోల్, యువకులు, ఆన్ ఓటర్లు, నాలుగూ కలిస్తేనే 48.56 శాతం అయింది.

గెలిచిన తర్వాత ఏం చేశారు? మీకు కావలసిన జవాబు ఇక్కడుంది. జూలైకల్లా క్రమశిక్షణ సంఘం లీ జున్ సోక్ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. డిసెంబర్‌లో నిబంధన మార్చి నాయకుడి ఎన్నికలో బయటి సర్వే మొత్తం ఎత్తేసి, నూటికి నూరు సభ్యుల ఓటే అన్నారు. 2023 మార్చిలో అధ్యక్షుడికి నచ్చిన కిమ్ గి హ్యోన్ నాయకుడయ్యాడు. అక్టోబర్‌లో సియోల్‌లోని గంగ్సో జిల్లా పెద్ద పదవికి ఉప ఎన్నిక వచ్చింది. ఆ ఉప ఎన్నిక రావడానికి కారణం పాత పదవిదారు కిమ్ టే వూకు శిక్ష పడటం. అధ్యక్షుడు ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు, పార్టీ మళ్లీ ఆయనకే టికెట్ ఇచ్చింది. 17 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. పార్లమెంటు ఎన్నికలకు ఆరు నెలల ముందు వచ్చిన ఫలితం అది. అంతకంటే స్పష్టంగా హెచ్చరిక ఎవరు ఇస్తారు?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సభ్యులు ఎప్పుడూ మొండివాళ్లనే ఎంచుకుంటారని నేను అనడం లేదు. 2024 జూలైలో అధ్యక్షుడికి నచ్చకపోయినా హాన్ డాంగ్ హూన్‌ను దాదాపు 63 శాతంతో నాయకుణ్ణి చేశారు. ఓటమి పచ్చిగా ఉన్నప్పుడు సభ్యులకూ గెలుపు కావాలనిపిస్తుంది. కానీ సభ్యులు ఎన్నుకున్న ఆ నాయకుణ్ణి ఎంపీలు నిలవనివ్వలేదు. ఎంపీల్లో ఎక్కువమంది ఆగ్నేయం నుంచి వచ్చినవాళ్లే. సియోల్ చుట్టూ ఓడిపోయినవాళ్లు పార్లమెంటులో ఉండరు కదా. ఓడేకొద్దీ పార్టీలో మిగిలేది గట్టి సీట్లవాళ్లే, వాళ్లకు మారాల్సిన అవసరం కనపడదు. దీన్ని ఎలా తెంచాలో పార్టీలో ఎవరికీ అంతు చిక్కలేదు.

2024 డిసెంబర్ 3 రాత్రి యూన్ మార్షల్ లా ప్రకటించాడు. ఆ అర్ధరాత్రి దాటాక పార్లమెంటులో 190 మంది చేరి దాన్ని ఎత్తేయాలని తీర్మానించారు. ఆ 190లో పీపుల్ పవర్ వాళ్లు 18 మంది. 7వ తేదీన అభిశంసన ఓటింగ్‌కు పార్టీ మొత్తం సభ నుంచి బయటికి వెళ్లిపోయింది. మొదట్నుంచీ కుర్చీలో కదలకుండా కూర్చున్నది, అప్పటికి ఈ పార్టీ ఎంపీ అయిన ఆన్ చోల్ సూ. ఇంకో ఇద్దరు తిరిగొచ్చి ఓటు వేశారు. మొత్తం ఓట్లు 195. కావాల్సినవి 200. తీర్మానం వీగిపోయింది. వారం తర్వాత, 14న, 204 ఓట్లతో నెగ్గింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మందీ ఏకగ్రీవంగా ఆయన్ను తీసేశారు. పార్క్ గ్యున్ హే విషయంలో కూడా ఇలాగే ఎనిమిది మంది. ఎనిమిదేళ్లలో రెండోసారి ఒకే పార్టీ అధ్యక్షుడు అభిశంసనతో పోవడం.

2016లో సొంత ఎంపీలు చాలామంది పార్క్‌ను అభిశంసించడానికి ఓటేశారు, 234 వచ్చాయి. ఆ తర్వాత పార్టీ చీలింది, ఓడింది, వేసినవాళ్లను ద్రోహులన్నారు. 2024లో ఎంపీల మనసులో ఉన్న భయం అదే. చీలితే 2017లా 24 శాతానికి పడిపోతాం, చీలకపోతే నలభై నిలుస్తుంది అని లెక్కేసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ లెక్క తప్పలేదు. నలభై నిలిచింది. గెలుపు మాత్రం రాలేదు.

ఆ నలభై కూడా ఎంత తమాషాగా వచ్చిందో చూడండి. 2025 మే 3న కిమ్ మూన్ సూ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా ఎంపికయ్యాడు. వారం తిరగకముందే, పదో తేదీ అర్ధరాత్రి, పార్టీ పెద్దలు ఆయన అభ్యర్థిత్వం రద్దు చేసి, మాజీ ప్రధాని హాన్ డక్ సూను పెట్టాలని చూశారు. కొత్త దరఖాస్తులకు ఇచ్చిన సమయం తెల్లవారుజామున 3 నుంచి 4 దాకా, ఒక్క గంట. హాన్ ఆ గంటలోనే పార్టీలో చేరి కాగితాలన్నీ ఇచ్చేశాడు. ఆ రోజే సభ్యులందరి అభిప్రాయం ఫోన్‌లో అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. కిమ్ మళ్లీ అభ్యర్థి అయ్యాడు. ఎన్నికకు అప్పటికి మూడు వారాలు మాత్రమే ఉంది.

అయినా జూన్ 3న ఆయనకు 41.15 శాతం, కోటీ 43 లక్షల పైచిలుకు ఓట్లు. మీరు "ఎవరు వేశారు" అన్నారు కదా, దేగు, ఉత్తర గ్యోంగ్‌సాంగ్‌లో మూడింట రెండొంతుల ఓట్లు, డెబ్బై దాటినవాళ్లలో భారీ మెజారిటీ, గంగ్నమ్, సోచో, వీటికి తోడు లీ జే మ్యుంగ్ అంటే గిట్టనివాళ్లు. ఆయన మీద అప్పటికి ఎన్నో కేసులు నడుస్తున్నాయి. పార్లమెంటు ఎలాగూ డెమోక్రటిక్ పార్టీదే, అధ్యక్షుడూ వాళ్లవాడే అయితే పట్టపగ్గాలుండవన్న భయం చాలామందిలో నిజంగా ఉంది. వీళ్లలో అందరూ మార్షల్ లాను సమర్థించినవాళ్లు కారు. "యూన్ చేసింది తప్పే, కానీ లీ వద్దు" అన్న మాట నేను ఇక్కడ టాక్సీల్లో, హోటళ్లలో బాగానే విన్నాను. ఈ పార్టీకి పడే ఓట్లలో పార్టీ మీద ప్రేమతో పడేవి ఎన్ని, అవతలివాళ్ల మీద కోపంతో పడేవి ఎన్ని అన్నది విడదీయకపోతే అంచనాలు తప్పుతాయి.

ఇక చీలిక సంగతి. చివరికి పార్టీ నుంచి బయటికొచ్చేసిన లీ జున్ సోక్ సొంతంగా రిఫార్మ్ పార్టీ పెట్టుకుని, 2024లో మా పక్క ఊరు హ్వాసోంగ్‌లో ఎంపీగా గెలిచి, 2025లో అధ్యక్ష పదవికి పోటీ చేసి 8.34 శాతం తెచ్చుకున్నాడు. కిమ్ ఓట్లూ ఆయన ఓట్లూ కలిపితే 49.49. లీ జే మ్యుంగ్‌కు వచ్చింది 49.42. ఈ కూడిక చూపించి "కలిసుంటే గెలిచేవాళ్లం" అని పార్టీలో చాలామంది అన్నారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఎగ్జిట్ పోల్ ప్రకారం ఇరవైల్లో ఉన్న మగవాళ్లలో లీ జున్ సోక్, కిమ్ ఇద్దరికీ చెరి 37 శాతం. మార్షల్ లా పార్టీతో కలిసిపోతే ఆ కుర్రాళ్లలో కొందరు ఇంట్లో కూర్చునేవారు, ఇంకొందరు అటు వేసేవారు. కూడికలు కాగితం మీద బాగుంటాయి.

చీలిక నిజంగా ప్రాణం తీసిన సందర్భం కావాలంటే నేను ఓటేసిన ఆ 2022 గవర్నర్ ఎన్నిక ఉంది. గ్యోంగిలో కన్జర్వేటివ్ అభ్యర్థి కిమ్ ఉన్ హే రాత్రంతా ముందుంది. తెల్లారుతుండగా వెనకబడి, 8,913 ఓట్లతో ఓడిపోయింది. అదే వైపు నుంచి స్వతంత్రంగా నిలబడ్డ కాంగ్ యోంగ్ సోక్‌కు 50 వేలకు పైగా పడ్డాయి. ఇలాంటిదే 1997లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. లీ ఇన్ జే విడిపోయి 19 శాతం తీసుకుంటే లీ హోయి చాంగ్ కొద్దిలో కిమ్ డే జుంగ్ చేతిలో ఓడాడు.

2025 ఆగస్టులో మళ్లీ నాయకుడి ఎన్నిక. ఈసారి సభ్యులకు 80, సర్వేకు 20. చివరి రౌండ్‌లో సర్వేలో కిమ్ మూన్ సూకు దాదాపు 60 శాతం, సభ్యుల్లో జాంగ్ డాంగ్ హ్యోక్‌కు 53 శాతం దగ్గర. జాంగ్ గెలిచాడు, ఒక శాతం కూడా లేని తేడాతో. అభిశంసనను గట్టిగా వ్యతిరేకించిన మనిషి ఆయన. అసలు కిమ్ మూన్ సూయే మెత్తని మనిషి కాదు. ఆ ఇద్దరిలో కూడా బయటి జనం ఒకర్ని, సభ్యులు ఇంకొకర్ని కోరుకున్నారు. 2021లో యూన్, హాంగ్‌ల మధ్య కనపడ్డ తేడాయే ఇది.

ఇకముందు ఏ ఎన్నిక ఫలితం వచ్చినా మొత్తం శాతం చూసి ఆగిపోకండి. నేనైతే ముందు సియోల్‌లో హాన్ నది ఒడ్డున ఉన్న మాపో, సోంగ్‌డాంగ్, గ్వాంగ్జిన్, డోంగ్జాక్ చూస్తాను. 2024లో మాపోలో ఒక సీటు పార్టీ 599 ఓట్లతో గెలిచింది, అంత సన్నగా ఉంటుంది అక్కడ. తర్వాత దేశం మధ్యలో ఉన్న చుంగ్‌చోంగ్, ముఖ్యంగా డేజోన్, చోనాన్. ఆ వైపు ఓటు ఎటు మొగ్గితే దేశం అటు మొగ్గడం చాలాసార్లు చూశాం. మూడోది బుసాన్. 2024లో 18కి 17 గెలిచారని సంబరపడ్డారు గానీ, అక్కడ డెమోక్రటిక్ ఓటు 40 శాతం దాటింది, 2025లోనూ దాటింది. బుసాన్ సీట్లు జారడం మొదలైతే అప్పుడు నిజంగా టెన్షన్ పడాలి. దేగు ఫలితం మాత్రం చూడక్కర్లేదు.

సర్వేలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పోలింగ్‌కు ముందు చివరి ఆరు రోజుల్లో చేసిన సర్వేలు ఇక్కడ ప్రచురించకూడదు. ఈ పార్టీ ఓటర్లు ఆఖర్లో భయపడి గుంపుగా కదులుతారు. బుసాన్‌లో 2024లో జరిగింది అదే. అందుకని వారం ముందటి అంకెలతో తీర్పు చెప్పేయకండి.

చివరగా, పార్టీని కోర్టు రద్దు చేస్తుందా అన్న అనుమానం కూడా ఉంటుంది. కొరియా రాజ్యాంగంలో ఆ దారి ఉంది, ఒకసారి వాడారు కూడా. 2014 డిసెంబర్‌లో వామపక్షంలోని యునైటెడ్ ప్రోగ్రెసివ్ పార్టీని రాజ్యాంగ న్యాయస్థానం 8-1తో రద్దు చేసింది, ఎంపీల పదవులు కూడా పోయాయి. అప్పుడు అడిగింది పార్క్ గ్యున్ హే ప్రభుత్వం. అలా అడిగే అధికారం ప్రభుత్వానికే ఉంటుంది, వీధిలో నినాదాలు చేసినవాళ్లకో, ఎదుటి పార్టీకో ఉండదు. ఐదుగురు ఎంపీల పార్టీ మీద వాడిన చట్టాన్ని వందకు పైగా ఎంపీలు, కోటీ 43 లక్షల ఓట్లు ఉన్న పార్టీ మీద వాడటానికి ఏ ప్రభుత్వమైనా చాలా ఆలోచిస్తుంది. డెమోక్రటిక్ నాయకులు ఆ మాట మైకుల్లో అంటూనే ఉంటారు. దాన్ని ఎన్నికల మాటగానే తీసుకోండి, మీ కంపెనీ రిస్క్ లెక్కల్లో దానికి వేరే వరస పెట్టక్కర్లేదు.